వాయుగుండమే కదా!

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు కదా, నా వృత్తికి దగ్గరగా ఉండే సంగతి రాస్తానన్నాను. తుఫానుల బలాన్ని ఎలా కొలుస్తారు, ఆ కొలతకూ జరిగే నష్టానికీ పొంతన ఎంత అన్నది నా విషయం. హైదరాబాదు పాతబస్తీ బడి సంచికలో తుఫాను ముచ్చట ఏమిటని మీకు అనిపించవచ్చు. సముద్రం మనకు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది. కానీ ఆ ముచ్చట మన బడి బీరువా దాకా వచ్చింది. రావడంలో నా తప్పు ఒకటి ఉంది. ముందుగా అదే చెబుతాను.

2020 అక్టోబరు 13, మంగళవారం. కరోనా వల్ల బడి మూసి ఉంది. మధ్యాహ్నం కార్యదర్శి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నా, వాన ఆగుతలేదు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు కింది అర్రల బీరువాల ఉన్నయి. ఇద్దరు పిల్లలను తీసుకొని పోయి పైకి మోపియ్యాల్నా?" నేను అప్పుడే వాతావరణ శాఖ ప్రకటన చదివి ఉన్నాను. ఆ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది తుఫాను కాదు, తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 60 కిలోమీటర్లకు అటూఇటు. తీరం దాటింది కాబట్టి ఇక బలహీనపడుతుంది. "వాయుగుండమే కదా, తుఫాను కూడా కాదు. వానలో పిల్లలను ఎందుకు తిప్పుతావు, రేపు చూద్దాం" అన్నాను. ఇంజనీరు అన్న చెప్పాడు కదా అని అతను ఆగిపోయాడు.

ఆ రాత్రి బడి కింది గదుల్లో మూడడుగుల నీళ్లు నిలిచాయి. రిజిస్టర్లు ఉన్నది బీరువా అడుగు అరలో.

నేను చెప్పిన మాటలో అంకెలు తప్పు కావు. గాలి నిజంగానే అంత తక్కువ. తీరం దాటాక అది నిజంగానే బలహీనపడింది. తప్పు మరోచోట ఉంది. అది తెలియాలంటే ఈ కొలత ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

నాకు తుఫాను అన్న మాట మొదట తెలిసింది మన బడిలోనే. 1977 నవంబరులో నేను మూడో తరగతి. ఆ నెల 19న దివిసీమను ఉప్పెన ముంచింది. నాలుగు రోజుల తర్వాత ప్రార్థన సమయంలో ఇంట్లో ఉన్న పాత బట్టలు తెమ్మన్నారు. వరండాలో చీరలు, చొక్కాలు, దుప్పట్లు కుప్పపోసి మూటలు కట్టాం. పెద్ద తరగతులకు సాంఘికం చెప్పే సారు మమ్మల్ని ఆ మూటల పక్కనే కూర్చోబెట్టి, నల్లబల్ల మీద తీరం గీత గీసి అన్నారు: "తుఫాను మూడు చేతులతో కొడుతుంది. పక్కనుంచి గాలి, పైనుంచి వాన, ముందునుంచి సముద్రం. మనవాళ్లు అందుకే గాలివాన, వరద, ఉప్పెన అని వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు." ఇంజనీరింగు చదివిన తర్వాత కూడా ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు దొరకలేదు. దొరికిన ఒక్క వాక్యాన్నీ 2020 దాకా మరిచిపోయాను.

మూడు చేతుల్లో మనం ఒక్కదాన్నే ఎందుకు కొలుస్తున్నాం? కారణం చరిత్రలో ఉంది. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే ఆంగ్ల నౌకాదళ అధికారి గాలికి సున్నా నుంచి 12 దాకా మెట్లు కట్టాడు. ఓడ తెరచాపలు ఎన్ని విప్పవచ్చు, ఎన్ని చుట్టేయాలి అన్నదే ఆయన లెక్క. పన్నెండో మెట్టు వచ్చిందంటే ఏ తెరచాపా నిలవదు. 1848లో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ నావికుల కోసం రాసిన పుస్తకంలో 'సైక్లోన్' అన్న పేరు పెట్టాడు. గాలి చుట్టచుట్టుకున్న పాములా తిరుగుతుందని ఆ పేరు. అప్పటికే మన కాకినాడ పక్కనున్న కోరింగ రేవును 1789లో ఒకసారి, 1839లో ఒకసారి ఉప్పెనలు ముంచాయి. భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది. దాని వెనుక కూడా 1864లో కలకత్తాను ముంచిన తుఫాను ఉంది.

నేడు మన వాతావరణ శాఖ వాడే మెట్లు ఇవి. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం. 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 తుఫాను. పేరు పెట్టేది ఈ మెట్టు మీదనే. 89 నుంచి 117 తీవ్ర తుఫాను. 118 నుంచి 166 అతి తీవ్ర తుఫాను. 167 నుంచి 221 అత్యంత తీవ్ర తుఫాను. 222 దాటితే సూపర్ సైక్లోన్. ఈ అంకెలు ఇలా చిత్రంగా ఎందుకు ఉన్నాయంటే, అసలు లెక్క నాట్లలో ఉంది. నాట్లలోకి మారిస్తే తుఫాను మొదలయ్యేది బ్యూఫోర్ట్ ఎనిమిదో మెట్టు దగ్గర, తీవ్ర తుఫాను పదో మెట్టు దగ్గర, అతి తీవ్ర తుఫాను పన్నెండో మెట్టు దగ్గర. అంటే రెండు వందల ఏళ్ల నాటి తెరచాపల లెక్క ఇప్పటికీ మన టీవీ వార్తల్లో నడుస్తోంది. మెట్లు మధ్యమధ్యలో పెరిగాయి కూడా. 'అత్యంత తీవ్ర' అన్న మెట్టు 2015లో చేర్చినదే. అందుకే 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ అప్పటి పట్టికలో 'అతి తీవ్ర'మే. అదే గాలి ఈనాడు వీస్తే ఒక మెట్టు పైన కూర్చుంటుంది.

అమెరికాలో హరికేన్లకు ఒకటి నుంచి అయిదు దాకా కేటగిరీలు ఉంటాయి. గంటకు 119 కిలోమీటర్ల దగ్గర ఒకటి మొదలవుతుంది, 252 దగ్గర అయిదు. ఈ కొలతకు పునాది వేసినవాడు నాలాంటి స్ట్రక్చరల్ ఇంజనీరు, ఫ్లోరిడాకు చెందిన హెర్బర్ట్ సాఫిర్. 1969లో ఐక్యరాజ్యసమితి కోసం చవక ఇళ్ల మీద నివేదిక రాస్తూ, భూకంపానికి రిక్టర్ స్కేలు ఉంది, గాలికి ఎందుకు ఉండకూడదని ఏ గాలికి ఏ గోడ, ఏ కప్పు పోతుందో వరస కట్టాడు. జాతీయ హరికేన్ కేంద్రం డైరెక్టరు రాబర్ట్ సింప్సన్ దానికి ఉప్పెన ఎత్తును జోడించాడు. కానీ 2005లో కత్రినా తీరం చేరేటప్పటికి మూడో కేటగిరీకి దిగింది, ఉప్పెన మాత్రం మిసిసిపీ తీరంలో ఎనిమిది మీటర్లు దాటింది. ఒకే అంకెలో గాలినీ నీటినీ పట్టడం కుదరదని 2010లో ఆ కొలతలోంచి ఉప్పెనను తీసేశారు. ఇప్పుడది పేరులోనే 'గాలి కొలత' అని చెప్పుకుంటుంది.

బ్యూఫోర్ట్ కొలత ఓడ కోసం, సాఫిర్ కొలత గోడ కోసం పుట్టాయి. చెరువు కట్ట కింద కాపురం ఉన్నవాడి కోసం పుట్టిన కొలత ఈ రెంటిలో లేదు.

నా ఉద్యోగం కూడా గాలితోనే. ముప్ఫై ఏళ్లుగా హైటెన్షన్ లైన్ల టవర్లు డిజైను చేస్తున్నాను. మన ప్రామాణిక గ్రంథంలో ప్రతి ఊరికీ ఒక మూల వేగం ఉంటుంది. హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కానీ గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 44 మీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 118 కిలోల బరువుతో నెడితే, 50 మీటర్ల గాలి సుమారు 153 కిలోలతో నెడుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. హుద్‌హుద్ తర్వాత విశాఖ వెళ్లి నేలకు ఒరిగిన టవర్లను చూశాను. కొండల మీద ఒక్క చెట్టుకు ఆకు లేదు. గాలి ఏం చేయగలదో కళ్లారా చూసినవాణ్ని. అందుకే తుఫాను అనగానే నా చెయ్యి గాలి అంకె మీదకే పోతుంది. 2020లో జరిగింది అదే.

ఇప్పుడు నష్టాల వైపు చూద్దాం. దివిసీమలో ఆనాటి గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటినదే. కానీ ప్రభుత్వ లెక్క ప్రకారమే పోయిన సుమారు పదివేల ప్రాణాల్లో ఎక్కువ తీసింది గాలి కాదు, అయిదు మీటర్ల ఎత్తున ఊళ్ల మీదకు వచ్చిన సముద్రం. 1999 అక్టోబరు 29న ఒడిశాలో పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటినప్పుడు దాదాపు పదివేలమంది పోయారు. 2013లో ఫైలిన్ అదే రాష్ట్రంలో గోపాల్‌పూర్ దగ్గర 200 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చింది. ముందే లక్షలమందిని తరలించారు. పోయినవాళ్లు యాభైకి లోపే. గాలి అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా ఎప్పటికీ అర్థం కాదు.

మనకు దగ్గర పోలిక హ్యూస్టన్‌ది. మన బడి పిల్లలు ఇద్దరు ముగ్గురు అక్కడ స్థిరపడ్డారు. 2017 ఆగస్టులో హార్వీ నాలుగో కేటగిరీ హరికేన్‌గా టెక్సస్ తీరం దాటింది. దాటినచోటు హ్యూస్టన్‌కు చాలా దూరం. హ్యూస్టన్ మునిగింది ఆ తర్వాత, గాలి తగ్గి, కేటగిరీల జాబితాలోంచే దిగిపోయి, కదలకుండా కూర్చున్నప్పుడు. ఒకచోట మొత్తం 1,500 మిల్లీమీటర్లు దాటిన వాన పడింది.

దీనికి కారణం కష్టమైనది కాదు. తుఫానుకు ఇంధనం వెచ్చని సముద్రపు ఆవిరి. నేల మీదకు రాగానే ఆ సరఫరా తెగుతుంది, నేల రాపిడి తగులుతుంది, గాలి పడిపోతుంది. కానీ అప్పటికే మోసుకొచ్చిన తేమ ఎక్కడికీ పోదు. అది వానగా దిగాల్సిందే. నెమ్మదిగా నడిచేకొద్దీ ఒకేచోట ఎక్కువ దిగుతుంది. 'బలహీనపడింది' అని వార్తల్లో చెప్పేది గాలి గురించి. వాన గురించి కాదు.

ఇది మన ఊరికి కొత్త పాఠం కాదు. మా నాయనమ్మ కాలపు పాతబస్తీ ముసలివాళ్లు 'తుగ్యాని' అనే మాట భయంగా పలికేవారు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద అది. బంగాళాఖాతం వైపునుంచి లోపలికి వచ్చిన అల్పపీడన వ్యవస్థ తెచ్చిన వాన. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే 325 మిల్లీమీటర్లు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. నదికి పైన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. ఒక చెరువు తెగితే దాని నీళ్లు కిందిదాన్ని తెంపుతాయి. అలా గొలుసంతా ఒకేసారి మూసీలో పడింది. వరద 4,25,000 క్యూసెక్కులకు చేరిందని మోక్షగుండం విశ్వేశ్వరయ్య తర్వాత లెక్కగట్టారు. వంతెనల్లో పురానాపూల్ ఒక్కటే నిలిచింది. పోయిన ప్రాణాల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంది. పదిహేను వేలన్న అంకె ఎక్కువగా వినిపిస్తుంది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ వరద గురించి నేను విన్న, చదివిన వాటిలో గాలి మాట దాదాపు లేదు. అన్నీ నీటి కథలే.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పిలుపుమీద 1909లో విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన లెక్క గాలితో మొదలు కాలేదు. ఎంత నేల మీద ఎంత వాన పడుతుంది, అది ఎన్ని గంటల్లో ఊరికి చేరుతుంది, మధ్యలో ఎక్కడ ఆపవచ్చు అన్నవి ఆయన ప్రశ్నలు. వాటికి జవాబుగా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ నిలిచాయి. ఒక ఇంజనీరు సరైన ప్రశ్న వేస్తే ఊరికి ఏం దక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

కానీ ఆ రెండు సాగర్లు కాపలా కాసేది నదిని. మన బస్తీల నీళ్లు దక్షిణం నుంచి, బాలాపూర్, జల్‌పల్లి, బండ్లగూడ వైపు చెరువుల గొలుసు నుంచి వస్తాయి. మన కింద ఉన్నది రాతి నేల, పైన సిమెంటు. నీళ్లు ఇంకే చోటు తక్కువ. 2020 అక్టోబరు 13 ఉదయం నుంచి మర్నాటి ఉదయం దాకా బేగంపేటలో దాదాపు 192 మిల్లీమీటర్ల వాన కురిసింది. శివార్లలో కొన్నిచోట్ల 300 దాటింది. 192 మిల్లీమీటర్లంటే జానెడు లోతు కూడా కాదు అనిపిస్తుంది. చదరపు కిలోమీటరుకు లెక్క వేస్తే 19 కోట్ల 20 లక్షల లీటర్లు. ఎండాకాలం మన గల్లీకి వచ్చే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 38,400. అవన్నీ ఒక్క రోజులో, ఒక్క చదరపు కిలోమీటరులో గుమ్మరించినట్టు. చుట్టుపక్కల మిట్టల మీద పడిందంతా పల్లానికి చేరాలి. ఆ పల్లంలో ఉన్నది మనం.

ఆ రాత్రి పల్లెచెరువు నీళ్లు అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడ్డాయి. ఒకే ఇంటివాళ్లు పలువురు కొట్టుకుపోయారు. బండ్లగూడలో గోడ కూలి పసిపిల్లతో సహా కొందరు పోయారు. ఛత్రినాక, ఉప్పుగూడ, శివగంగానగర్‌లో జనం మేడలమీద తెల్లవార్లూ కూర్చున్నారు. నాలుగు రోజులకు మళ్లీ పడ్డ వానకు గుర్రంచెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ మునిగింది. వీటన్నిటికీ వెనుక ఉన్నది పేరు కూడా పెట్టని, తుఫాను మెట్టు ఎక్కని ఒక తీవ్ర వాయుగుండం. కాకినాడ నుంచి మన దగ్గరకు 400 కిలోమీటర్లు నడిచి, గాలిని దారిలో వదిలేసి, నీళ్లను మనకు తెచ్చింది.

పదిహేనో తేదీన నేనూ కార్యదర్శీ బీరువా తెరిచాం. బడి మొదలైన నాటినుంచి 1980 దాకా ఉన్న ఏడు రిజిస్టర్లు ఉబ్బి తలుపుకు అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్క పేజీ మధ్య వార్తాపత్రిక పెట్టి, ఫ్యాను కింద నెలరోజులు ఆరబెట్టాం. బాల్‌పెన్నుతో రాసినవి నిలిచాయి. సిరా పెన్నుతో రాసినవి, అంటే మొదటి పదిహేనేళ్లవి దాదాపు అన్నీ, పేజీ అంతా లేత నీలంగా మారి పోయాయి. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, ఏ బడినుంచి వచ్చారన్న గడి, అన్నీ. 2022లో మనకంటే చాలా ముందు బ్యాచ్ అన్న ఒకాయన పెన్షను పని మీద పుట్టినతేదీ నకలు కావాలని వచ్చారు. ఆయన పేజీ తీసి చూపించాం. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "నా పేరు ఇక్కడనే ఉండె కదా" అన్నారు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ రోజు రిజిస్టర్లు మోయొద్దన్నది నేనేనని ఆయనకు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

కొలతలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గాలి మెట్లు లేకపోతే ఓడలు, పడవలు, టవర్లు నిలవవు. అవి దేన్ని కొలవవో కూడా తెలిసి ఉండాలంటున్నాను. వాతావరణ శాఖకు వానకు వేరే మెట్లు ఉన్నాయి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఉన్నాయి. తీరంలో ఉన్న చుట్టాలకు ఫోను చేసినప్పుడు గాలి ఎంత, ఉప్పెన ఎంత అని అడగండి. పాతబస్తీలో ఉన్నవాళ్లు మాత్రం తుఫానా, వాయుగుండమా అని అడగకండి. వాన ఎంత, ఎన్ని గంటలు, మనకు పైనున్న చెరువు ఎంత నిండింది అని అడగండి.

స్వర్ణోత్సవ సందర్భంగా సంఘం ముందు రెండు కోరికలు పెట్టాను, ఒప్పుకున్నారు. రికార్డుల గది ఇకనుంచి మొదటి అంతస్తులో ఉంటుంది. కింది వరండా గోడమీద 2020 నాటి నీటిమట్టం గీత, తేదీతో సహా, చెరిగిపోని రంగుతో ఉంటుంది. మూడోది మీ అందరికీ నా విన్నపం. మొదటి పదిహేనేళ్ల బ్యాచ్‌ల అన్నలు, అక్కలు, ఆనాటి గురువులు తమతోపాటు చదివినవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, చేరిన ఏడాది గుర్తున్నంత మేరకు రాసి సంఘానికి పంపండి. పాత గ్రూపు ఫొటోలు, మార్కుల కార్డులు, టీసీలు ఉంటే వాటి నకళ్లు పంపండి. ఇప్పటికి 312 పేర్లు తిరిగి రాశాం. కొత్త రిజిస్టరు నా దగ్గరే ఉంది. బాల్‌పెన్నుతోనే రాస్తున్నాను.